పుస్తకంలో ఉన్న పాఠం, తరగతిలో వినిపించని పాఠం

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థులకు మానవ ప్రత్యుత్పత్తి, ప్రత్యుత్పత్తి ఆరోగ్యం అని రెండు పాఠాలు ఉన్నాయి. బొమ్మలున్నాయి, పట్టికలున్నాయి, గర్భనిరోధక పద్ధతుల పేర్లన్నీ ఉన్నాయి. అయితే ఆరోగ్య ప్రసంగాలకు మేము కళాశాలలకు వెళ్ళినప్పుడు పిల్లలు మాతో చెప్పేదేమంటే, "ఆ పాఠం మమ్మల్నే చదువుకోమన్నారండీ" అని. కొన్నిచోట్ల అమ్మాయిలకు వేరుగా, అబ్బాయిలకు వేరుగా పదేసి నిమిషాల్లో ముగిస్తారు. కొన్నిచోట్ల పరీక్షకు వచ్చే ప్రశ్నలకు గుర్తు పెట్టించి వదిలేస్తారు. పిల్లలకు మార్కులు వస్తాయి. పాఠం మాత్రం రాదు.

ఆ పాఠం రాకపోతే ఏమవుతుందో మా ప్రసూతి వార్డులో మేము రోజూ చూస్తున్నాము. అందుకే ఈ సంచికలో దీన్ని గురించి మా అభిప్రాయం స్పష్టంగా చెప్పదలచుకున్నాము. ఈ పాఠాన్ని అమ్మాయిలకు, అబ్బాయిలకు ఇద్దరికీ, సిగ్గుపడకుండా, పూర్తిగా బోధించాలి. అబ్బాయిలకు మరీ ముఖ్యంగా బోధించాలి. ఎందుకో ఒక్కొక్కటిగా వివరిస్తాము.

అంకెలు ఏం చెబుతున్నాయి?

2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. తెలంగాణలో సుమారు 62 శాతం. దేశం మొత్తం మీద ఇది 38 శాతం. అంటే మన రెండు రాష్ట్రాలు దేశ సగటుకు ఎంతో పైన ఉన్నాయి. మరి మగవారి ఆపరేషన్ ఎంత? ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఒకటి కూడా లేదు. 2005-06 సర్వే నాటికి ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 3 శాతం ఉండేది. అదీ తగ్గిపోయింది.

మాత్రలు, కాపర్-టి, నిరోధ్ వంటి తాత్కాలిక పద్ధతులు వాడేవారు ఆంధ్రప్రదేశ్‌లో చాలా తక్కువ. మొత్తం కలిపినా లెక్కలో కనిపించీ కనిపించనట్టే ఉంటాయి. అదే సర్వేలో, 20 నుండి 24 ఏళ్ళ వయసున్న స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైన ఉన్నారు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. చిన్న వయసులో పెళ్ళి, వెంటనే మొదటి కాన్పు, ఏడాదిన్నరకో రెండేళ్ళకో రెండవ కాన్పు, ఆ కాన్పులోనే ఆపరేషన్. చాలామందికి పాతికేళ్ళు నిండకముందే ఈ వరుస ముగిసిపోతుంది. ఈ రోజు రెండవ సంవత్సరం తరగతిలో కూర్చున్న పదిహేడేళ్ళ అమ్మాయికీ ఆ ఆపరేషన్ బల్లకూ మధ్య దూరం ఆరేడు సంవత్సరాలే. ఈ మధ్యలో ఆమెకు ఈ విషయాలు ఎవరైనా వివరంగా చెప్పే అవకాశం ఒక్కటే ఉన్నది. అది ఆ తరగతి గది. దాన్ని మనం దాటవేస్తున్నాము.

ఆపరేషన్ తప్పని మేమనడం లేదు

ఇక్కడ మమ్మల్ని అపార్థం చేసుకోవద్దని మనవి. ట్యూబెక్టమీ మంచి ఆపరేషన్. బిడ్డలు చాలునని తెలిసి నిర్ణయించుకున్న స్త్రీకి అది ఎంతో నిశ్చింత. వరుస కాన్పులతో, రక్తహీనతతో తల్లులు చనిపోయిన రోజులను మా పెద్ద సిస్టర్లు మరచిపోలేదు. మా బాధ ఆపరేషన్ గురించి కాదు. అది తప్ప వేరే మార్గం ఉన్నదని కూడా తెలియకుండా అందులోకి నడిచి వస్తున్న అమ్మాయిల గురించి.

వార్డులో మాట్లాడేది సాధారణంగా అత్తగారు. "డాక్టరమ్మా, ఎలాగూ ఆపరేషన్ కాన్పే కదా, పనిలో పని అది కూడా చేసేయండి" అంటారు. కోడలు గోడ వైపు తిరిగి పడుకుని ఉంటుంది. "నీ ఇష్టం ఏమిటమ్మా?" అని మేము అడిగితే, "వాళ్ళెలా అంటే అలా" అంటుంది. ప్రభుత్వ నియమాల ప్రకారం ఈ ఆపరేషన్‌కు స్త్రీ వయసు కనీసం 22 ఏళ్ళు ఉండాలి, ఆమె వివాహితురాలై ఉండాలి, కనీసం ఒక బిడ్డకు ఏడాది దాటి ఉండాలి, వివరాలన్నీ తెలుసుకుని ఆమె స్వయంగా ఒప్పుకోవాలి. భర్త సంతకం అవసరం లేదు. అంటే చట్టం దృష్టిలో ఈ నిర్ణయం ఆమెదే. కానీ తెలియనిదాన్ని ఎవరు నిర్ణయించగలరు?

ఆపరేషన్ తరువాత బిడ్డ చనిపోవచ్చు. భర్త పోయి మరొక వివాహం కావచ్చు. అప్పుడు నాళాలు తిరిగి కలిపే ఆపరేషన్ కోసం వస్తారు. అది అందరికీ ఫలించదు. మొదట ఏ పద్ధతిలో చేశారు, ఎంత నాళం మిగిలింది, ఇప్పుడు వయసెంత అనే వాటి మీద ఆధారపడి ఉంటుంది. తిరిగి మార్చుకోవడం కష్టమైన నిర్ణయాన్ని ఇరవై రెండేళ్ళకు, వారం రోజుల బాలింతగా తీసుకోవడం న్యాయమేనా అని ఆలోచించండి.

గర్భసంచి తొలగింపు విషయంలోనూ మన రాష్ట్రాలు దేశంలో ముందున్నాయి. అదే సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సుమారు 8 నుండి 9 శాతం మందికి గర్భసంచి లేదు. దేశ సగటు 3 శాతం పైన మాత్రమే. "పిల్లలు పుట్టేశారు, ఆపరేషన్ అయిపోయింది, ఇంక ఆ సంచితో పనేముంది" అనే మాట ఊళ్ళలో ఎంత తేలికగా వినిపిస్తుందో మీకు తెలుసు. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరమే. కానీ తెల్లబట్టకు, నడుము నొప్పికి గర్భసంచి తీయనవసరం లేదు. అండాశయాలు కూడా తీసివేస్తే ముట్లు ఆగే దశ ఒక్కసారిగా ముందే వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. ఇవి పాఠంలోని హార్మోన్ల పట్టికను అర్థం చేసుకున్న అమ్మాయికి చెప్పడం ఎంతో సులభం.

మగవారు ఎందుకు రారు?

"మా ఆయన కష్టం చేసుకోవాలండీ, బరువులెత్తాలి" అని భార్యే చెబుతుంది. మరి నాట్లు వేసేది, కలుపు తీసేది, బిందె మోసేది ఎవరు? బరువు పని ఇద్దరిదీ. ఆపరేషన్ మాత్రం ఒకరిదే.

జీవశాస్త్రం చదివిన విద్యార్థి ఈ లెక్క తనంతట తానే చేయగలడు. స్త్రీలో ఫాలోపియన్ నాళాలు పొట్ట లోపల ఉంటాయి. వాటిని చేరాలంటే పొట్ట తెరవాలి లేదా గాలి నింపి గొట్టం లోపలికి పంపాలి. పురుషునిలో శుక్రవాహికలు చర్మం కిందనే చేతికి తగులుతాయి. కోత, కుట్టు లేని వేసెక్టమీని 1974లో చైనాలో డాక్టర్ లీ షున్‌చియాంగ్ రూపొందించారు. ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, చర్మంలో చిన్న రంధ్రం చేసి, ఇరవై నిమిషాల లోపే ముగిస్తారు. అదే రోజు ఇంటికి నడిచి వెళ్ళవచ్చు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, వారం రోజులు బరువు పనులు మానితే చాలు.

మగతనం తగ్గుతుందన్న భయానికి కూడా పాఠంలోనే సమాధానం ఉన్నది. టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ వృషణాల్లోని లేడిగ్ కణాల నుండి నేరుగా రక్తంలోకి వెళుతుంది. శుక్రవాహికతో దానికి సంబంధం లేదు. వీర్యంలో అధిక భాగం ఇతర గ్రంథుల నుండి వస్తుంది, అది యథావిధిగా ఉంటుంది. శుక్రకణాలు మాత్రమే ఉండవు. గుర్తుంచుకోవలసినది ఒకటే. ఆపరేషన్ అయిన వెంటనే రక్షణ రాదు. మూడు నెలలు నిరోధ్ వంటిది వాడి, తరువాత వీర్య పరీక్షలో కణాలు లేవని నిర్ధారణ చేసుకోవాలి.

భయానికి చరిత్ర కూడా ఒక కారణం. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే, దేశంలో 60 లక్షలకు పైగా మగవారికి వేసెక్టమీ చేశారు. వారిలో ఎందరినో బలవంతపెట్టారు. ఆ గాయం తరువాత కార్యక్రమం మొత్తం భారం స్త్రీల మీదికి జరిగింది. బలవంతం తప్పే. కానీ ఆ తప్పుకు శిక్ష ఇన్నేళ్ళుగా స్త్రీలు అనుభవించడం మరొక తప్పు.

ఆ శిక్ష కొన్నిసార్లు ప్రాణాల మీదికి వచ్చింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే క్యాంపులో కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. 13 మంది మరణించారు. ఇలాంటి క్యాంపులను మూడేళ్ళలో నిలిపివేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు జరిగి, నలుగురు తల్లులు చనిపోయారు. చిన్న బిడ్డలను ఇంట్లో వదిలి, సాయంత్రానికి తిరిగి వస్తామని వెళ్ళినవారు వారు.

మధ్యలో ఉన్న మార్గాలు

పెళ్ళి తరువాత "వెంటనే బిడ్డ" లేదా "శాశ్వత ఆపరేషన్" అనే రెండు మెట్లే మన సమాజానికి తెలుసు. మధ్యలో ఎన్నో మెట్లున్నాయి. ఒక కాన్పు తరువాత మళ్ళీ గర్భం రావడానికి కనీసం 24 నెలల ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తల్లి రక్తం తిరిగి పుంజుకోవడానికి, బిడ్డకు రెండేళ్ళ వరకు తల్లిపాలు అందడానికి ఆ ఎడం అవసరం.

కాపర్-టి 380ఏ పదేళ్ళ వరకు పనిచేస్తుంది. కాన్పయిన 48 గంటల లోపే వేయవచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు. "లూపు గుండెకు ఎక్కుతుంది" అన్నది వట్టి అపోహ. గర్భసంచికి, గుండెకు మధ్య అలాంటి దారి లేదు. కొందరికి మొదటి కొన్ని నెలల్లో రక్తస్రావం, నొప్పి ఎక్కువ కావచ్చు. అది ముందుగానే చెప్పాలి.

మూడు నెలలకొకసారి తీసుకునే అంతర ఇంజక్షన్, వారానికొకసారి వేసుకునే ఛాయ మాత్ర 2017 నుండి ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా వచ్చాయి. ఛాయ మాత్రను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికొకసారి వేసుకోవాలి. ఇందులోని సెంట్‌క్రోమన్ అనే మందును లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టింది. పాఠ్యపుస్తకంలో సహేలి అన్న పేరుతో కనిపించేది ఇదే. మన దేశపు శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఈ మాత్ర పేరును పరీక్షలో రాసిన అమ్మాయి, తన ఊరి ఏ.ఎన్.ఎం. దగ్గర అది దొరుకుతుందని తెలియకుండానే అత్తగారింటికి వెళుతోంది.

బిడ్డకు పాలిస్తున్నంత కాలం గర్భం రాదని చాలామంది నమ్మకం. మూడు షరతులూ ఉంటేనే అది నిజం: బిడ్డ వయసు ఆరు నెలల లోపు ఉండాలి, పగలూ రాత్రీ తల్లిపాలు మాత్రమే ఇస్తుండాలి, ముట్లు తిరిగి మొదలు కాకూడదు. ఒక్కటి తప్పినా వేరే పద్ధతి కావాలి. అలాగే నెల మధ్య రోజులు క్షేమమని కొందరు తలక్రిందులుగా అనుకుంటారు. అసలు అండం విడుదలయ్యేది రాబోయే ముట్టుకు సుమారు 14 రోజుల ముందు. శుక్రకణాలు అయిదు రోజుల వరకు బ్రతకగలవు. కనుక ఆ మధ్య రోజులే గర్భం వచ్చే రోజులు.

పిల్లలు లేరన్న నింద ఎవరిది?

ఈ పాఠం పిల్లలు వద్దనుకునేవారికి మాత్రమే కాదు, కావాలనుకునేవారికి కూడా. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఏడాది పాటు ఏ జాగ్రత్తా వాడకుండా కలిసి ఉన్నా గర్భం రాకపోతే పరీక్ష చేయించుకోవాలి. కారణం భార్యలో ఉండవచ్చు, భర్తలో ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చు. అందరిలోకీ సులభమైనది, చవకైనది, నొప్పి లేనిది వీర్య పరీక్ష. అయినా భార్యకు స్కానింగులు, ఎక్స్‌రేలు, హార్మోన్ పరీక్షలు అన్నీ అయిన తరువాత, మూడేళ్ళకో నాలుగేళ్ళకో భర్త మొదటిసారి పరీక్షకు వస్తున్నాడు. కొందరు అప్పటికీ రారు. ఈ లోపల "గొడ్రాలు" అనే మాట ఆమె మోస్తూనే ఉంటుంది.

ఆడపిల్ల పుట్టిందన్న నింద కూడా అంతే. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి శుక్రకణంలో ఉన్నది ఎక్సా, వైయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇందులో తండ్రి తప్పు కూడా లేదు, అది ఎవరి చేతిలోనూ లేని విషయం. పదో తరగతిలోనే చదివే ఈ చిన్న సంగతిని ప్రతి అబ్బాయి నిజంగా నమ్మితే ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని కన్నీళ్ళు ఆగుతాయో!

"చెబితే చెడిపోతారు" అనేవారికి

పెద్దలు అడిగే ప్రశ్నను మేము తేలికగా తీసుకోవడం లేదు. 2007లో కౌమార విద్యా కార్యక్రమం మీద ఇదే అభ్యంతరంతో పలు రాష్ట్రాలు దాన్ని నిలిపివేశాయి. తల్లిదండ్రుల భయం బిడ్డల మీద ప్రేమ నుండే పుడుతుంది. అయితే ప్రపంచంలో అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి 2018లో యునెస్కో చెప్పినదేమంటే, వయసుకు తగినట్టు ఈ విద్య నేర్పడం వల్ల పిల్లలు ముందుగా తప్పటడుగులు వేయడం పెరగలేదని.

మనం చెప్పకపోతే పిల్లలు తెలుసుకోకుండా ఉంటారా? ఈ రోజు ప్రతి అబ్బాయి చేతిలో ఫోనున్నది. అందులో దొరికేది బోధన కాదు, బురద. గురువు నోట గౌరవంగా వినవలసిన సంగతిని అక్కడ అవమానకరంగా చూస్తున్నాడు. మందుల షాపులో ఎవరో చెప్పిన అబార్షన్ మాత్రలు మింగి, రక్తస్రావంతో అర్ధరాత్రి మా క్యాజువాలిటీకి వచ్చే అమ్మాయిలకు తెలియకపోవడమే హాని చేసింది. ఆ మాత్రలు ఎన్ని వారాల గర్భమో, గర్భం నాళంలో ఉందేమో చూడకుండా వాడేవి కావు.

"ఆపండి" అన్నా, "కనండి" అన్నా

మన దేశం 1952లోనే ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దశాబ్దాల పాటు గోడల మీద రాతలన్నీ "ఆపండి" అనే చెప్పాయి. 1994 నుండి ఇద్దరికి మించి పిల్లలున్నవారు మన పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయడానికి వీలు లేకుండా చేశారు. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఆ నిబంధనను తొలగించింది. జననాల రేటు 1.7కు పడిపోయింది గనుక, ఎక్కువ మంది పిల్లలను కనాలని ఇప్పుడు నాయకులే అడుగుతున్నారు.

జనాభా లెక్కలు ప్రభుత్వానికి అవసరమే. కానీ నిన్నటి "ఆపండి"లోనూ, నేటి "కనండి"లోనూ మాకు ఒకే లోపం కనిపిస్తున్నది. రెండు మాటలూ ఆ అమ్మాయికి చెబుతున్నవే గాని, ఆమెను అడుగుతున్నవి కావు. ఎప్పుడు, ఎందరు, ఎంత ఎడంతో అని భార్యాభర్తలిద్దరూ తెలిసి కూర్చుని మాట్లాడుకోగలిగితే, ఆ కుటుంబానికి ఎవరి నినాదమూ అవసరం ఉండదు.

మా విన్నపాలు

అధ్యాపకులకు మొదటి విన్నపం. ఈ రెండు పాఠాలకు ఇవ్వవలసిన పీరియడ్లన్నీ ఇవ్వండి. అబ్బాయిలను, అమ్మాయిలను ఒకే గదిలో కూర్చోబెట్టి ప్రధాన పాఠం చెప్పండి. సిగ్గుపడే ప్రశ్నలు పేరు రాయకుండా చీటీలో వేయమనండి. మీకు ఇబ్బందిగా ఉంటే మాకు కబురు చేయండి, మా డాక్టరు, నర్సు వచ్చి మీ పక్కన నిలబడతారు.

తల్లిదండ్రులకు. సంబంధం చూసేటప్పుడు కట్నం, పొలం, ఉద్యోగం అన్నీ మాట్లాడుకుంటారు. అమ్మాయికి 18 నిండాయా అన్నది చట్టం అడిగేది. ఆమె చదువు ముగిసిందా, మొదటి బిడ్డ ఎప్పుడన్నది ఆమెకు వదులుతారా అన్నది మీరు అడగవలసినది.

ఆశా కార్యకర్తలకు, ఏ.ఎన్.ఎం. సిస్టర్లకు. కొత్తగా పెళ్ళయిన ఇంటికి వెళ్ళినప్పుడు భర్త కూడా ఇంట్లో ఉన్న వేళ చూసి వెళ్ళండి. అయిదు పద్ధతులు చెప్పి ఆరవదిగా ఆపరేషన్ చెప్పండి. వేసెక్టమీ పేరు మరవకండి.

చివరగా ఇంటర్ చదువుతున్న అబ్బాయిలకు. బాబూ, ఈ పాఠం ఆడవాళ్ళదని పేజీ తిప్పేయకు. రేపు నీ భార్య ప్రసూతి వార్డులో పడుకుని ఉన్నప్పుడు, మీ అమ్మగారు మాతో ఆపరేషన్ సంగతి మాట్లాడుతున్నప్పుడు, నీవు వరండాలో నిలబడి ఉంటావు. ఆ రోజు లోపలికి వచ్చి, "ఆమెను అడగండి. కావలసివస్తే నేను చేయించుకుంటాను" అని చెప్పడానికి చాలినంత సంగతి ఆ ఇరవై పేజీల్లో ఉన్నది. శ్రద్ధగా చదువుకో.